సరిదిద్దడమైనది

పాఠాన్ని ముందుగా పుస్తకంలో రాసుకోకపోతే జీవరత్నానికి అన్నం సయించేది కాదు. ట్రైనింగు స్కూల్లో పట్టుకున్న అలవాటు. పొడుగాటి నోట్సుపుస్తకంలో స్కేలు పెట్టి గళ్ళు గీసేది. మొదటి గడిలో పాఠం, తరువాత దానికి పట్టే నిమిషాలు, కావలసిన సామాను, పిల్లలు చెప్పవలసిన జవాబు, చిట్టచివర లోపాలు. వేపచెట్టు మీద పాఠానికి పన్నెండు నిమిషాలు అని రాస్తే పదమూడో నిమిషంలో ఆ వేపచెట్టు ఉండడానికి వీల్లేదు.

తిరకాసంతా ఆ నాలుగో గడి దగ్గరే ఉంది. పిల్లలు నోరు తెరవకముందే వాళ్ళేం చెప్పాలో అందులో రాసి ఉండేది. చెప్పకూడని జవాబు మాత్రం ఒక్కటే, "తెలీదు". ఆ మాట ఆవిడ క్లాసులో వినిపించకూడదు.

దానికో కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో కంకిపాడు వైపు ఒక చిన్న బడిలో పనిచేస్తున్నప్పుడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, ముందు వరసలో పిల్లని లేపి ఏదో అడిగారు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఆయన రిజిస్టరులో "పిల్లలు నోరు విప్పుట లేదు" అని రాసి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే రెండో కొడుకు పుట్టడంతో జీవరత్నం ఉద్యోగం మానేసింది. బడి మర్చిపోయింది, ఇన్‌స్పెక్టరు మర్చిపోయాడు, ఆవిడ మాత్రం మర్చిపోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ వాక్యం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

డెబ్భై ఏడు నవంబరులో దివి వైపు ఉప్పెన వచ్చాక ముప్పై రెండుమంది పిల్లల్ని లారీలో విజయవాడ తీసుకొచ్చారు. చర్చి పెద్దలు భవానీపురంలో ఒక పాత బియ్యం గోడౌను అద్దెకు తీసుకుని అందులో పెట్టారు. జీవరత్నం ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. భర్త ఏసుపాదం రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు, కొడుకులిద్దరూ పెద్దవాళ్ళయ్యారు. "జీతం వద్దు, పిల్లలకి పాఠాలు చెబుతాను" అంటూ తనే వెళ్ళి అడిగింది. గోడౌను చూసుకునే మార్తగారు ఎగిరి గంతేసినంత పని చేసి, ఒక్క షరతు పెట్టింది. ప్రతి శుక్రవారం నోట్సు తనకు చూపించి సంతకం చేయించుకోవాలి. జీవరత్నానికి అంతకన్నా కావలసిందేముంది.

మొదటి వారం పరిచయ పాఠం. చర్చి పెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. పిల్లలు వరసగా నిలబడి ఒక్కొక్కరూ పేరూ ఊరూ చెప్పాలి. పాటలాగా వరస కట్టింది జీవరత్నం, "నా పేరు ఫలానా, మా ఊరు ఫలానా, మా బడి భవానీపురం" అని, చివర చప్పట్లు. ఇరవై ముగ్గురు పిల్లలకి ఊరి పేరు తెలుసు. తొమ్మిదిమందికి తెలియదు. మరీ పసివాళ్ళు కొందరు, తెలిసినా నోరు పెగలనివాళ్ళు కొందరు. ఆ తొమ్మిదిమందీ పెద్దవాళ్ళ ముందు మూగగా నిలబడతారని తలుచుకుంటేనే ఆవిడకు ఒళ్ళు జలదరించింది.

లారీ అవనిగడ్డ క్యాంపు నుంచి వచ్చింది. అంచేత ఆ తొమ్మిదిమంది పేర్ల ఎదురుగా నాలుగో గడిలో "అవనిగడ్డ" అని నింపేసింది. అందులో అయిదేళ్ళ పిల్ల ఒకతి అసలు పేరే చెప్పదు, అసలు మాటే లేదు. ఆ పిల్లకి "కరుణ" అని పేరు కూడా ఆవిడే పెట్టింది. వారం రోజులు వల్లె వేయించగా కరుణ కూడా కీ ఇచ్చినట్టు గడగడా అప్పజెప్పడం నేర్చుకుంది. ఆ మూడు ముక్కలూ, చప్పట్లూ, అంతే. మళ్ళీ నోరు కుట్టేసినట్టు ఉండేది.

వచ్చినవాళ్ళు మురిసిపోయారు. పిల్లలే స్వయంగా చెప్పారు కదా అని మార్తగారు అవే ఊళ్ళు రిజిస్టరులోకి ఎక్కించింది. రిజిస్టరులోంచి అవే లిస్టులై క్యాంపుల్లో గోడలకి అంటుకున్నాయి. జీవరత్నం ఇదంతా గమనించలేదు. ఆవిడ అప్పటికి రెండో వారం పాఠాలు రాసుకుంటోంది.

* * *

మార్చి తొమ్మిది, గురువారం. డిప్యూటీ తాసిల్దారు రామకోటేశ్వరరావుగారు వరండాలో బల్ల వేయించుకుని కాగితాలు రాస్తున్నారు. బంధువులు వచ్చి తీసుకుపోగా మిగిలిన పిల్లల్ని శనివారం పొద్దున రైల్లో హైదరాబాదు పంపించాలి. అక్కడి హోములో వాళ్ళని పెంపకానికి ఇస్తారు. అలా ఇచ్చేశాక ఎవరు ఎక్కడున్నారో వెతికి పట్టుకోవడం దేవుడి తరం కూడా కాదు.

అప్పుడు వచ్చింది రావమ్మ. అరవై ఏళ్ళుంటాయి. గుండు తల, కర్ర ఊతం, గాలి వేస్తే పడిపోయేలా ఉంది. ఉప్పెనలో తుంటి విరిగి మూడు నెలలు ఆసుపత్రిలో పడి ఉందట. జ్వరాలకి తల గొరిగించారట. గొంతు కూడా బొంగురుపోయింది.

"మాది మొగలిదిబ్బండి. కొడుకూ కోడలూ పోయారండి. మనవరాలు ఈడుందని ఒకాయన చెప్పాడండి. నాంచారండి దాని పేరు" అంది.

పిల్లల్ని వరసగా నిలబెట్టారు. ముసలమ్మ ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి కరుణ దగ్గర ఆగిపోయింది. "నాంచారూ" అంటూ చెయ్యి చాపింది. కరుణ ఆ గుండునీ ఆ కర్రనీ చూసి జడుసుకుని జీవరత్నం చీర వెనక్కి దూరింది.

రామకోటేశ్వరరావుగారు చెడ్డవాడు కాదు. నెల కిందట ఒకడు మేనమామనని ఏడ్చి మొత్తుకుంటే నమ్మి ఒక పిల్లవాణ్ణి అప్పగించాడు. పది రోజుల తరువాత ఆ పిల్లవాడు ఒక హోటల్లో ఎంగిలి ప్లేట్లు కడుగుతూ కనబడ్డాడు. ఆనాటి నుంచి ఆయన ఎవరి కన్నీళ్ళనీ నమ్మడం మానేశాడు.

"పాపా, ఇలా రా. నీ పేరేంటి? మీ ఊరేంటి?" అన్నాడు.

ఆ ప్రశ్న చెవిన పడగానే కరుణ చీర వదిలేసి, రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడింది. "నా పేరు కరుణ. మా ఊరు అవనిగడ్డ. మా బడి భవానీపురం." చప్పట్లు కొట్టింది.

"విన్నావుగా అమ్మా. ఆ పిల్లే చెబుతోంది. రిజిస్టరులోనూ అదే ఉంది. ఇంక నన్ను విసిగించకు" అని ఆయన కలం తీసుకున్నాడు.

ఆ జవాబు జీవరత్నానిది. పిల్ల నోట్లో తనే పెట్టింది. ఆ మాట ఇప్పుడే అనాలని తెలుసు. అయినా అనలేదు.

రావమ్మ అరుగు మీద కూలబడింది. జీవరత్నం లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ముసలమ్మ కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి గ్లాసు అందుకుంది. ఆ చేతికి ఉంగరం వేలు లేదు. మొదలంటా పోయింది.

"ఏమైందమ్మా ఈ వేలు?"

"చిన్నప్పుడు చెరకు గానుగలో పడి నలిగిపోయిందమ్మా. నాలుగు వేళ్ళతోనే ఇంత సంసారం ఈదా. పేడ పిసికినా, పిడకలు కొట్టినా ఈ చెయ్యే. మా గోడ మీద పిడకలు చూసి ఊరంతా ఇయి రావమ్మయ్యి అనేవోళ్ళు."

జీవరత్నం ఇంకేమీ అడగకుండా గోడౌనులోకి పరుగులాంటి నడకతో వెళ్ళి నోట్సు తీసింది.

మట్టిపని పాఠం. జనవరి ఇరవై. పిల్లలంతా మట్టితో లడ్డూలు, మామిడికాయలు, ఎద్దులు చేశారు. కరుణ మాత్రం ముద్ద తీసి చరిచి గోడకి కొట్టింది. చివరి గడిలో తన చక్కటి అక్షరాలు: "కరుణ. గోడ పాడుచేయుచున్నది. అరచెయ్యి పూర్తిగా ఆన్చదు. ఉంగరం వేలు ముడుచుకొనుచున్నది. సరిదిద్దాలి." ఫిబ్రవరి మూడు: "మళ్ళీ అదే. వేలు పట్టి తీసినా ముడుచును." ఫిబ్రవరి పదిహేడు: "మొండితనం." మూడింటి కిందా మార్తగారి సంతకం, తేదీ.

ఆ పిల్లది మొండితనం కాదు. నాయనమ్మ పక్కన కూర్చుని పిడకలు కొట్టడం నేర్చుకుంది. నాయనమ్మ పిడక మీద నాలుగు వేళ్ళే పడతాయి కాబట్టి తనూ అయిదోది మడుచుకుంది. పిడకంటే అలాగే ఉండాలనుకుంది.

జీవరత్నం పేజీ తిప్పింది. మార్చి మూడు. పోయిన శుక్రవారం. "అయిదు వేళ్ళూ ఆనిస్తున్నది. సరిదిద్దడమైనది." దాని కింద తనే సంతోషం పట్టలేక గీసుకున్న రెండు గీతలు.

* * *

మధ్యాహ్నం మార్తగారికి అంతా చెప్పింది. మార్తగారు తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"ఆ ఒక్క పిల్ల సంగతైతే చూడొచ్చు జీవరత్నంగారూ. కానీ మీరు నింపింది తొమ్మిదిమందికి. ఆ రిజిస్టరు నేను రాశాను, సంతకాలు నేను పెట్టాను. ఇది బయటపడితే మనల్ని నమ్మి ఇంకెవరు పిల్లల్ని ఇస్తారు? గోడౌను మూసేస్తారు. మట్టిపని పేజీ చూపించండి, కాదనను. ఆ పరిచయ పాఠం పేజీ ఒక్కటీ చింపెయ్యండి."

శనివారం వెళ్ళే పిల్లల లిస్టు బల్ల మీదే ఉంది. జీవరత్నం దాన్ని తన పేజీ పక్కన పెట్టి చూసింది. హైదరాబాదు వెళ్ళేవాళ్ళు తొమ్మిదిమంది. తను ఊళ్ళు నింపిన తొమ్మిదిమందీ వాళ్ళే. ఎవరూ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఎక్కడో పాలెంలోనో లంకలోనో మిగిలిన మేనత్తలు, తాతలు తమ ఊరి పేరు కోసం ఆ లిస్టులన్నీ వెతికి, అవనిగడ్డ అని ఉన్న పిల్ల తమది కాదనుకుని వెళ్ళిపోయి ఉంటారు.

"అందరి మనుషుల్నీ నేనే పోగొట్టానండీ" అంది. ఏడవలేదు. ఏడిస్తే మార్తగారు ఓదారుస్తుంది, ఆ ఓదార్పు తనకి తగదు అనిపించింది.

ఇంటికి వెళ్ళి ఏసుపాదంతో చెప్పింది. ఆయన చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. "బోల్టు తప్పు బిగించామని తెలిశాక ఇంజన్ని బయటికి పంపంగదా" అన్నాడు. ఆయనకి తెలిసిన భాష అదే. అన్నం కూడా అడక్కుండా బయటికి వెళ్ళి, గోడౌను గేటు బయట రోడ్డు పక్కన కదలకుండా కూర్చున్న రావమ్మకి అన్నం పొట్లం ఇచ్చి వచ్చాడు.

శుక్రవారం పొద్దున జీవరత్నం నోట్సు పుస్తకం మొత్తం, ఒక్క కాగితమూ చింపకుండా, తాసిల్దారుగారి బల్ల మీద పెట్టింది. మార్తగారు గోడకేసి చూస్తూ నిలబడింది.

ఆయన మొదట పరిచయ పాఠం చదివాడు. ముఖం ఎర్రబడింది. "ఏమండీ, చదువుకున్నవారు మీరు. ఇదేం పని? తొమ్మిదిమంది పిల్లలకి ఊళ్ళు పుట్టించారా?"

"అవునండీ."

"ఎందుకు?"

"పెద్దవాళ్ళ ముందు తెలీదనకూడదని."

ఆయన ఆవిడని పైనించి కిందికి చూశాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఇన్‌స్పెక్టరు చూసిన చూపూ ఇదే. జీవరత్నం ఈసారి తల దించుకోలేదు, మట్టిపని పేజీలు తిప్పి చూపించింది. ఆయన తేదీలు చూశాడు, సంతకాలు చూశాడు. రావమ్మని పిలిచి చెయ్యి చూపించమన్నాడు.

"జనవరిలో ఈవిడ ఆసుపత్రిలో ఉంది. ఈ వేలు సంగతి మీకు తెలిసే అవకాశం లేదు. బాగానే ఉంది. కానీ చివర మీరే సరిదిద్దడమైనది అని రాశారు. ఇప్పుడు ఆ పిల్ల ఎలా కొడుతుంది?"

"తెలీదండీ."

"నా కళ్ళతో చూడాలి. మట్టి తెప్పించండి. మీరు మాత్రం అటు గేటు దగ్గర, వెనక్కి తిరిగి నిలబడాలి. ఆ పిల్లకి మీ మొహం కనపడకూడదు, సైగలు అసలే కూడదు."

జీవరత్నం గేటు దగ్గరికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఎదురుగా రిక్షాలు పోతున్నాయి. ఎవరో బస్తాల బండి తోసుకుంటూ వన్ టౌన్ వైపు వెళుతున్నారు. వెనక బకెట్టులో నీళ్ళు పోసిన చప్పుడు వినబడింది. తరువాత మట్టి చరిచిన చప్పుడు, గోడకి తగిలిన చప్పుడు.

"అయిదు" అన్నాడు రామకోటేశ్వరరావుగారు.

మళ్ళీ చప్పుడు. "అయిదు."

ఇంకోటి. "అయిదే. చూడండమ్మా మార్తగారూ, అయిదు వేళ్ళూ చక్కగా పడ్డాయి."

జీవరత్నం గేటు ఊచ పట్టుకుంది. తన చెయ్యి ఆ చిన్న చేతి మీద వేసి, వేలు వేలుగా తీసి, "ఇలా, ఇలా, మంచిపిల్ల" అన్నది గుర్తొచ్చింది. ఆరువారాలు పట్టింది దానికి. తను జీవితంలో చెప్పిన ఏ పాఠమూ ఇంత బాగా వంటబట్టలేదు. దేవా, ఆ పిల్ల దాన్ని మర్చిపోనీ అని ప్రార్థించింది. ఏ టీచరూ చెయ్యని ప్రార్థన అది.

"ఇంక చాలు. లెండి" అన్నాడాయన. కుర్చీ జరిగింది.

అప్పుడు కర్ర కింద పడిన చప్పుడయింది. రావమ్మ బొంగురుగా, ఎవరితోనూ కాకుండా తనలో తను గొణుక్కున్నట్టు అంది, "అంత పల్చగా కొడితే ఎండుద్దా అది, రాలిపోద్ది గానీ."

మట్టి చరిచిన చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి వేరేగా ఉంది. బరువుగా, తొందర లేకుండా, ఏళ్ళ తరబడి అదే పని చేసిన చేతి చప్పుడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో దాని తరువాత దాని పక్కనే తేలికగా ఇంకో చప్పుడు వినబడింది. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. పెద్దది, చిన్నది.

తాసిల్దారుగారు లెక్క చెప్పడం లేదు.

"నాయనమ్మా" అంది ఒక గొంతు. "గేదె ఏదీ?"

జీవరత్నానికి ఆ గొంతు ఎవరిదో తెలియలేదు. పాట వరస లేకుండా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాలుగు నెలల్లో ఆవిడ ఒక్కసారీ వినలేదు.

"గేదె పోయిందమ్మా" అంది రావమ్మ. "గేదె కూడా పోయింది."

ఇంక తిరగవద్దని ఎవరూ అనలేదు. జీవరత్నం వెనక్కి తిరిగింది. గోడ మీద మూడు చిన్న ముద్దలు అయిదు వేళ్ళతో ఉన్నాయి. వాటి పక్కన పెద్దవీ చిన్నవీ కలిపి ఎనిమిదో పదో, అన్నిటి మీదా నాలుగే వేళ్ళు. పిల్ల మట్టి చేతులతో ముసలమ్మ గుండు తడుముతోంది. రామకోటేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి అనవసరంగా తుడుచుకుంటున్నాడు.

ఆయన శనివారం ప్రయాణం ఆపించాడు. నోట్సు పుస్తకం ఆఫీసుకి తీసుకుపోయాడు. జీవరత్నం మీద ఏం రాయాలో రాస్తానన్నాడు, రాశాడు కూడా. మిగిలిన ఎనిమిదిమందికి ఊరి గడి ఖాళీగా పెట్టి, ఫోటోలు అంటించి కొత్త లిస్టులు వేయించారు. ఆ లిస్టులు పట్టుకుని జీవరత్నం ఎండాకాలమంతా దివి వైపు బస్సుల్లో తిరిగింది. అయిదుగురికి మనుషులు దొరికారు. ముగ్గురికి దొరకలేదు. ఆ ముగ్గురినీ తలుచుకుంటే ఆవిడకి చివరిదాకా గుండె బరువెక్కేది. గోడౌను మాత్రం మూసెయ్యలేదు.

ఇవన్నీ తరువాతి సంగతులు. ఆ శుక్రవారం సాయంత్రం రావమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. కోపం లేదు ఆవిడకి. ఉంటే జీవరత్నానికి తేలికగా ఉండేది.

"వెళ్ళొస్తామని పంతులమ్మగారికి చెప్పు నాంచారూ" అంది.

పిల్ల తల ఎత్తి జీవరత్నం మొహం చూసింది. చూడగానే నాయనమ్మ చెయ్యి వదిలేసి, రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడింది.

"నా పేరు కరుణ. మా ఊరు అవనిగడ్డ. మా బడి భవానీపురం." చప్పట్లు కొట్టింది.

రావమ్మ ఆ పిల్లకేసీ జీవరత్నంకేసీ చూసింది. "ఇది మర్చిపోడానికి ఎన్నాళ్ళు పడుద్దమ్మా?" అని అడిగింది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ప్రతి పాఠానికీ ఎన్ని నిమిషాలు పడుతుందో ముందుగా రాసుకునే మనిషి జీవరత్నం.

"తెలీదమ్మా" అంది.